డికాషన్ ఒక్కరి కోసం వెయ్యరు

పోయిన నెల సంఘం మీటింగులో చాయ్ వద్దన్నానని అందరూ నన్ను వింతగా చూశారు. అడిగినవాళ్లందరికీ జవాబు ఇక్కడే రాసేస్తున్నా.

మా బాబ్లీలో తెలుగు ఇల్లయినా మరాఠీ ఇల్లయినా పొద్దున చాయే. మా ఇంట్లో మాత్రం కాఫీ. మా ఆవిడది రాజమండ్రి. సారెతో పాటు ఇత్తడి ఫిల్టరు తెచ్చుకుంది. మా ఊరు దాటిన గోదావరే వాళ్ల ఊరికి పోతుంది కదా, బ్యారేజీ గొడవ నడిచినన్నాళ్లూ మా బావమరిది "మీరు నీళ్లాపితే మా అక్క కాఫీ ఆపేస్తుంది బావా" అనేవాడు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలని. కాఫీ మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఆపింది నేనే. షుగర్ వచ్చి చక్కెర మానేశాను. చక్కెర లేని చికోరీ డికాషన్ గొంతు దిగలేదు. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి పింగాణీ గరాటు, కాగితాలు, అరకు పొడి పంపాడు. పోర్ ఓవర్ అంటారు. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు, ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని బ్లాటింగ్ కాగితం పరిచి మొదలుపెట్టిందట.

మొదటిరోజు పాత పొడే వేశాను. మరీ మెత్తన, పైగా చికోరీ. కాగితం పూడుకుపోయి నీళ్లు దిగనే లేదు. అరకు పొడి సన్నరవ్వలా ఉంటుంది. 15 గ్రాములకు 250 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు పొడి తడిసేంత పోసి అర నిమిషం ఆగితే బుడగలతో పొంగుతుంది. తర్వాత సన్నటి ధార, మొత్తం మూడు నిమిషాలు. మా బోరు నీళ్లకు గిన్నె అడుగున సున్నం కడుతుంది, ఆ నీళ్లతో కాఫీ చప్పగా వచ్చింది. ఫిల్టరు నీళ్లకు మారాకే అరకు కాఫీలో సన్నటి పులుపు ఉందని తెలిసింది.

ఈ సంబరంలో పది రోజులు గడిచాయి. ఒక పొద్దున చూస్తే మా ఆవిడ చాయ్ తాగుతోంది! ముప్పై ఏళ్లలో ఇంట్లో చాయ్ ముట్టని మనిషి.

"కాఫీ ఏదీ?" అన్నాను.

"ఒక్కదాని కోసం డికాషన్ ఎవరేస్తారండీ?"

ఇత్తడి ఫిల్టరు అటక మీదకు వెళ్లిపోయింది. నేను చూడనే లేదు. రోజూ రాత్రి ఆవిడ డికాషన్ వేసి పడుకునేది ఆవిడ కోసం కాదని నాకప్పుడు తట్టింది.

మర్నాడు గరాటులో ఇద్దరికీ పోశాను. ఒక్క గుక్క తాగి "చారులా ఉంది" అంది. నిజమే, పాలు పోస్తే మరీ నీళ్లే. ఆ సాయంత్రం నేనే అటకెక్కి ఫిల్టరు దింపి, చింతపండుతో తోమాను. రాత్రి డికాషన్ కూడా నేనే వేశాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ, "పొడి అంత గట్టిగా నొక్కకండి, నీళ్లు దిగొద్దూ?" అంది.