రంగశాల, పాకశాల: సూత్రధారుని ద్వివిధ ధర్మం

మన ప్రాచీన గ్రంథాలు రెండు వృత్తులను శంకాదృష్టితో చూశాయి. నటుని అన్నాన్ని స్వీకరింపదగని అన్నాలలో ఒకటిగా మనుస్మృతి చతుర్థాధ్యాయం పేర్కొన్నది. జనపదాలలో అన్నవిక్రయం ప్రబలడం కలియుగ లక్షణమని మహాభారత వనపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పాడు. అలాంటప్పుడు స్వస్థలం విడిచి పరదేశం చేరిన నాటక సూత్రధారుడు కుటుంబపోషణార్థం పగలు భోజనశాల నడుపుతూ, సాయంకాలం నాటకం ఆడిస్తుంటే అతని స్థితి ఏమిటి? అతడు రెండు దోషాలను ఒకేసారి మోస్తున్నాడా? లేక రెండు యజ్ఞాలను ఒకేసారి నిర్వహిస్తున్నాడా? జీవనోపాధికీ సాధనకూ నడుమ నలిగే ప్రతి గృహస్థుకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

తెలుగునాట దీనికి అతి సమీపమైన ఉదాహరణ సురభి నాటక సమాజం. వారి పూర్వులు మరాఠీభాషీయులు, తోలుబొమ్మలాట వారి కులవిద్య. అలా తెలుగుసీమకు వలసవచ్చిన ఆ కుటుంబాలు 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో, ఒక వివాహ సందర్భంలో కీచకవధ నాటకాన్ని ప్రదర్శించాయి. వనారస గోవిందరావు ఈ పరంపరకు ఆద్యుడు. పురుషులే స్త్రీపాత్రలు ధరించే ఆ కాలంలో ఈ కుటుంబాల స్త్రీలు స్వయంగా రంగస్థలం ఎక్కారు. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ లభించింది. హైదరాబాదు అంచున, శేరిలింగంపల్లిలోని సురభి కాలనీ ఈనాటికీ వారి నివాసం.

వారు భోజనశాల నడిపినవారని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే కుటుంబమే సమాజమైనచోట సూత్రధారుడు తప్పనిసరిగా అన్నదాత కూడా అవుతాడు. శిశువు మొదలు వృద్ధుని వరకు అందరి ఆకలి బాధ్యతా అతనిదే. పైగా వారు ధరించిన నామమే సార్థకమైనది. సురభి అంటే కామధేనువు. బాలకాండలో వసిష్ఠుని శబల ఒక్క ఆశ్రమప్రాంగణంలోనే విశ్వామిత్రుని సేనకంతటికీ షడ్రసోపేతమైన విందు సమకూర్చింది. ఆ గోమాత పేరు గల గ్రామంలో జన్మించిన నాటకపరంపర మాయాబజారు ప్రదర్శనతో విఖ్యాతి పొందడం ఎంత ఔచిత్యంగా ఉన్నది! పెండ్లివారి భక్ష్యాలన్నీ ఘటోత్కచుడు ఆరగించే ఘట్టం తెలుగువారికి చిరపరిచితం. రంగం మీది ఆ విందు ఎవరి ఉదరాన్నీ నింపదు. అయినా ప్రేక్షకుడు తృప్తుడై ఇల్లు చేరుతాడు. ఆ తృప్తి ఎక్కడిది?

దీనికి సమాధానం భరతముని నాట్యశాస్త్రం షష్ఠాధ్యాయంలో ఉన్నది. రసమంటే ఏమిటని మునులు ప్రశ్నించినప్పుడు భరతుడు వారిని పాకశాలకే తీసుకుపోయాడు. వివిధ వ్యంజనాలు, ఓషధులు, ద్రవ్యాలు కలిసినప్పుడు రుచి ఎలా నిష్పన్నమవుతుందో, వివిధ భావాల సంయోగం వల్ల నాట్యరసం అలాగే నిష్పన్నమవుతుందన్నాడు. చక్కగా వండిన అన్నాన్ని ప్రసన్నచిత్తుడైన భోక్త ఆస్వాదించి ఆనందించినట్లే, ప్రసన్నచిత్తుడైన ప్రేక్షకుడు అభినయంతో వ్యక్తమైన స్థాయీభావాన్ని ఆస్వాదిస్తాడన్నాడు. రెండుచోట్లా ఉండవలసిన అర్హత ఒక్కటే, ప్రసన్నమైన మనస్సు. రంగపూజా విధానంలో సరస్వతికి పాయసాన్ని, శివవిష్ణుమహేంద్రాదులకు మోదకాలను నివేదింపజేసినవాడూ భరతుడే. అంటే నాటకానికి ముందే రంగంలో నైవేద్యం ఉన్నది.

కాశ్మీర ఆచార్యుడు అభినవగుప్తుడు ఈ విచారణను మరొక మెట్టు ఎక్కించాడు. రసాస్వాదనకు కలిగే విఘ్నాలను లెక్కిస్తూ, స్వకీయ సుఖదుఃఖాలకు వశుడైపోవడాన్ని వాటిలో ఒకటిగా చెప్పాడు. ఆకలితో అలమటించేవాడు కరుణరసాన్ని ఎలా ఆస్వాదించగలడు? అతనికి కనిపించేది తన శోకమే. ఈ విఘ్నం ప్రేక్షకుని విషయంలో చెప్పినదైనా, సూత్రధారునికీ అన్వయించి చూడవచ్చు. రేపటి బియ్యం ఎక్కడినుండి వస్తుందన్న చింత ఉన్నవాడు నేటి దృశ్యాన్ని నిర్మలంగా చూడలేడు. కనుక భోజనశాల నాటకానికి ప్రతిబంధకం కానక్కరలేదు. ఆ విఘ్నాన్ని తొలగించే సాధనమూ కావచ్చు.

ఇక వృత్తిదోషం మాట. అన్నవిక్రయాన్ని కలిలక్షణమన్న ఆ మార్కండేయుడే, ఆ వనపర్వంలోనే, ధర్మవ్యాధోపాఖ్యానం వినిపించాడు. తపోగర్వంతో కొంగను భస్మం చేసిన కౌశికుడు ఒక గృహిణి వాకిట భిక్షకై నిలిచాడు. ఆమె భర్తకు వడ్డించి, ఆ తరువాతే భిక్ష తెచ్చింది. ఆగ్రహించిన తాపసిని ఆమె మిథిలానగరానికి పంపింది. అక్కడ అంగడిలో మాంసం విక్రయించే వ్యాధుడు అతనికి ధర్మసూక్ష్మం బోధించాడు. కౌశికుని మొదటి గురువు వంటింటిలోనూ, రెండవ గురువు దుకాణంలోనూ దొరికారు. వృత్తి అల్పమైనా దానిని నిర్వహించే తీరు మనిషిని ఆచార్యుని చేయగలదని ఈ కథ తాత్పర్యం.

అయినా మార్కండేయుని హెచ్చరికను కొట్టివేయరాదు. అన్నానికి వెల కట్టిన మరుక్షణం, ఎదుట నిలిచినవాడు అతిథి కాక కేవలం ధనమూలంగా కనిపించే ప్రమాదం ఉన్నది. నాటకానికి టిక్కెట్టు పెట్టినప్పుడూ అంతే. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి దీనికి విరుగుడు సూచిస్తున్నది. అన్నమే బ్రహ్మమని మొదట గ్రహించిన భృగువు ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందాన్ని చేరుకున్నాడు. ఆనందాన్ని చేరిన తరువాత ఉపనిషత్తు అన్నాన్ని మరచిపోలేదు. అన్నాన్ని నిందింపరాదని, త్యజింపరాదని, సమృద్ధిగా సంపాదించాలని, నివాసానికి వచ్చినవారిని ఎవరినీ త్రోసిపుచ్చరాదని వ్రతాలు విధించింది. మెట్లు ఎక్కినవాడు మొదటి మెట్టును పడగొట్టరాదన్నమాట. వెల తీసుకోవడం తప్పు కాదు. వెల ఇవ్వలేనివాడు వచ్చినప్పుడు ఏమి చేస్తామన్నదే పరీక్ష.

హైదరాబాదు నుండి కందుకూరు మీదుగా శ్రీశైలం సాగే రహదారి వెంట భోజనశాలలలో ప్రతిదినం ఎందరో యాత్రికులు ఆగుతారు. అక్కడ ఇడ్లీ వడ్డించేవాడు వారితోపాటు మల్లన్న సన్నిధికి పోడు. తెర వెనుక త్రాడు లాగి నారదుని ఆకాశం నుండి దించేవాడూ ప్రేక్షకునికి కనిపించడు. ఒకరు ఆకలి తీర్చి, మరొకరు విస్మయం కలిగించి, తాము మాత్రం చాటునే ఉండిపోతారు. ఈ రెండు పనులూ ఒక్కడే చేయవలసివచ్చిన ప్రవాసి సూత్రధారుడు దానిని దౌర్భాగ్యంగా తలచనక్కరలేదు. మధ్యాహ్నం వడ్డనలో ఎదుటివాని ముఖం చూసి రుచి గ్రహించే నేర్పే, రాత్రి నాటకంలో సభ హృదయాన్ని గ్రహించే నేర్పుగా అతనికి ఉపకరిస్తుంది.