గేరు మార్చుట

మోటారుబండిని నడుపనెఱిగినవారు మన నూజివీటి సీమలో నింటికొక్కరు గలరు. గేరు మార్చనెఱిగినవారు మాత్రము మిగుల తక్కువ. గర్వముచే నీ మాట వ్రాయుట లేదు. మేమును చిరకాలము రెండవ తెగలోని వారమని తలంచుచు మొదటి తెగలోనే యుండినవారము.

ఈ విద్యను మాకు మొదట నేర్పినవాడు మా మేనమామ. ఆయన వేసవిలో మామిడికాయల లారీ నడిపెడివాడు. అది పాత టాటా లారీ. నేటి బండ్లయందుండు సింక్రోమెష్ దాని గేర్లకు లేదు. తోటలో కాయ కోసి, గంపలలో వరిగడ్డి పఱచి, సందెవేళ బయలుదేఱి ఆగిరిపల్లి మీదుగా బెజవాడకు జేర్చవలయును. బంగినపల్లి కాయ కొంత తట్టుకొనును గాని చిన్నరసము తట్టుకొనదు. దాని తోలు పలుచన, లోన నంతయు రసమే. బండి కుదిపినచో నడుగు వరుస కాయ నలుగును. నలిగిన కాయ యానాడు కంటికి గానరాదు. రెండుమూడు దినములకు మాగినప్పుడు నల్లని మచ్చయై బయటపడును. ఆ పిమ్మట వర్తకుని చీటీ వచ్చును. అందు తరుగు క్రింద కొంత సొమ్ము కోయబడి యుండును. మా యింటి యేడాది బియ్యమును, మా బడి జీతమును ఆ చీటీ మీదనే యాధారపడి యుండెడివి.

కావున మా మామకు గేరు మార్చుట విలాసము గాదు. క్లచ్చు నొక్కి, గేరును న్యూట్రలునకు దెచ్చి, క్లచ్చు విడిచి, కొంచె మాగి, మరల క్లచ్చు నొక్కి పైగేరు వేసెడివాడు. క్రింది గేరునకు దిగునప్పుడు నడుమ యాక్సిలరేటరును ఒక్కసారి తట్టెడివాడు. ఎంతసే పాగవలయునో తెలియక మేము తొందరపడగా గేర్లు కఱకఱలాడెడివి. “ఇంజను గొంతు తగ్గనీయరా అబ్బాయీ, తొందరేముంది? బెజవాడ ఎక్కడికీ పోదు” అనెడివాడు.

ఈ తట్టుటకు గల కారణము మాకు బడిలో లెక్కలు చదివిన పిమ్మట గాని బోధపడలేదు. మూడవ గేరు నిష్పత్తి 1.4, రెండవ గేరు నిష్పత్తి 2 అనుకొందము. మూడవ గేరులో ఇంజను నిమిషమునకు 2100 చుట్లు తిరుగుచుండగా రెండవ గేరునకు దిగినచో, బండి యదే వేగమున బోవుటకు ఇంజను 3000 చుట్లు తిరుగవలయును. ఆ 900 చుట్ల భేదమును క్లచ్చు విడుచుటకు ముందే యాక్సిలరేటరుతో దీర్చినచో బండిలోని వారికి గేరు మాఱినట్లే తెలియదు. తీర్పనిచో చక్రములే యింజనును బలిమిని లాగి తిప్పవలసి వచ్చును. ఆ లాగుటయే కుదుపు.

1928లో అమెరికాదేశపు కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చెను. శంకువు వంటి చిన్న కడియములు ఒరసికొని పెట్టెలోని పండ్లచక్రముల వేగమును సమము చేయును, కఱకఱ పోవును. అయితే ఆ కడియములు పెట్టెలోని చక్రములను సరిచేయునే గాని యింజనును సరిచేయజాలవు. చప్పుడు లేదు గనుక తప్పును లేదని తలంచువారే నేడు పెక్కురు. వారి బండిలో వెనుక గూర్చుండిన ముసలివారి నడిగిన నిజము తెలియును.

కొన్నియేండ్ల క్రిందట కోతల కాలమున మా మామ కుమారుడు హైదరాబాదు నుండి యొక వడిగల కారు దెచ్చెను. స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. అని పేరు, 1.8 లీటర్ల టర్బో ఇంజను. అతడు నడుపుమని తాళము చేతికీయగా, లారీ నడిపినవారమను ధీమాతో హనుమాన్ జంక్షన్ రోడ్డున బోనిచ్చితిమి. ప్రతి గేరునకును బండి ముందునకు దూకి వెనుకకు దగ్గెను. బావమరిది నోరు మూసికొని నవ్వెను. మేము మామ నేర్పినట్లే యాగుచుంటిమి, అదియే తప్పు. లారీ ఫ్లైవీలు బరువైనది. దాని యింజను వేగము మెల్లగా దిగును. ఈ బండి యింజను తేలిక. కాలు తీసినంతనే వేగము పడిపోవును. మేమాగి క్లచ్చు విడుచునప్పటికి చుట్లు కావలసిన దానికంటె క్రిందికి జాఱియుండెను. “బావా, మీ రాగేలోపల అది నిద్రపోతోంది” అని యతడు చెప్పిన మాట మాకు రుచింపలేదు, కాని సత్యము.

రెండు దినములు సాధనచేసితిమి. చేయి గేరును మొరటుగా నెట్టక, ఆ కడియములు తమ పని చేయువఱకు మెత్తగా నొత్తి పట్టవలయును. టర్బో గాలి యాలస్యముగా నందుకొనును గాన, క్లచ్చు విడిచిన వెంటనే యాక్సిలరేటరును త్రొక్కివేయరాదు. పందెపుకార్లవారు కుడిపాదపు ముందుభాగముతో బ్రేకు నొక్కుచునే అదే పాదపు అంచుతో యాక్సిలరేటరును తట్టుదురు. ఇది మాత్రము మాకు పట్టుపడలేదు. రెండుమాఱులు బ్రేకునే గట్టిగా త్రొక్కితిమి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు చెంత ఫార్ములా ఈ పందెము జరిగెను. అందలి విద్యుత్తు కార్లకు గేరు మార్చు పనియే లేదు. మాకది కొంత యసూయయు, కొంత జాలియు గలిగించెను.

మూడవ దినమున మా మామ తోటలో గట్టు మీదినుండి జాఱిపడెను. తుంటి విఱిగెనని మన యూరి వైద్యుడు చెప్పి, కాలు కదలకుండ కట్టుకట్టి, వెంటనే విజయవాడకు దీసికొనిపొండనెను. ఆ వేళ వాకిట నున్నది ఆ కారొక్కటియే. తండ్రిని జూచి బావమరిదికి చేతులు వణకుచుండెను. తాళము మా చేతిలో బెట్టి తాను వెనుక తండ్రి తల నొడిలో నుంచుకొని కూర్చుండెను.

నలువది కిలోమీటర్లకు పైబడిన దారి. మొదటి గేరు నుండి రెండవ దానికి మార్చునప్పుడు మా యరచేయి చెమర్చియుండెను. వెనుకనుండి సవ్వడి లేదు. మూడు, నాలుగు. గేరు మార్చవలసిన చోట్లను ముందుగనే చూచుకొని, మార్పులనే తగ్గించితిమి. గుంటలు వచ్చినచోట మేము చేయగలిగినది లేదు. దారిపొడవున మామిడి గంపల లారీలు మమ్ము దాటిపోవుచుండెను. ఆ వడిగల బండిని లారీలు దాటిపోవుట చూచినవారికి వింతగనే యుండియుండును. ఆయన ఒక్కసారి మాత్రము పంటి బిగువున మూలిగెను. మేము వెనుదిరిగి చూడలేదు.

ఆసుపత్రి వాకిట ఆయనను స్ట్రెచరు మీదికి జేర్చునప్పుడు మా మణికట్టు పట్టుకొనెను. “ఆగిరిపల్లి దగ్గర రెండో గేరు కొంచెం తగిలిందిరా” అనెను. నిజమే. అచ్చట గేదెలు రోడ్డున కడ్డము వచ్చినవి; బ్రేకు త్రొక్కిన యాదుర్దాలో యాక్సిలరేటరు తట్టుట మఱచితిమి.

మఱునాడు శస్త్రచికిత్స జరిగెను. ఆయన యూతకఱ్ఱతో తోటకు వచ్చునప్పటికి ఆ యేటి కోత ముగిసెను.