పాత కారు, పొదుపు పాఠం

రెసిడెన్సీలో ఉండగా ముచ్చటపడి 1990 నాటి మజ్దా మియాటా కొన్నాం. రెండే సీట్లు. రోజూ ఆస్పత్రికి అదే. గాలను గ్యాసుకి 18 మైళ్ళు కూడా రాలేదు. ఇంటికి పంపే డబ్బులో కోత పడింది. ఫోనులో నాన్నగారు, "టైర్లలో గాలి చూసుకున్నావట్రా?" అన్నారు. గుంటూరులో ప్రతి ఆదివారం స్కూటరు ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దిన మనిషి ఆయన!

చూద్దుము కదా, గాలి తక్కువే. పైగా పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెడి, ఇంజను అవసరానికి మించి గ్యాసు తాగుతోంది. రోగుల ఊపిరి చూసే మేము కారు ఊపిరి చూడలేదు! సెన్సరు మార్చాం. ఎర్రదీపం దూరాన కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీయడం నేర్చాం. ఇప్పుడు 26 మైళ్ళు. కోత తీరింది.

వచ్చే నెల మా ఇంటికి మూడో మనిషి వస్తోంది. బండి కావలసినవారు చెప్పండి. మైళ్ళ లెక్కల పుస్తకంతో సహా ఇస్తాం.