పూలకొట్టు

నాకు ఇరవై ఏళ్లు నిండేదాకా కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. ఇంట్లో గలగలా మాట్లాడేవాణ్ణి. గడప దాటితే నాలుక పిడచకట్టుకుపోయేది. మాది హోసూరు. ఇంట్లోనూ బడిలోనూ తెలుగే. బజారులో తమిళం. నా తమిళం విని ఎవరైనా నవ్వుతారేమోనన్న బెరుకు దీనికి తోడయింది. బస్సు కండక్టరు చిల్లర ఇవ్వకపోయినా అడగలేక దిగిపోయేవాణ్ణి.

డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు ఇంకా ముగ్గురున్నారనగా లేచి వచ్చేశాను. వీధి మలుపు తిరగగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయే నన్ను ముంచింది. ఆపైన ప్రతి చిన్న పనీ అలాగే తప్పించుకోసాగాను. తప్పించుకున్నకొద్దీ భయం పెరిగింది. అమ్మతో మాత్రం బాగా చెప్పానన్నాను. పాపం, ఆమె నెల రోజులు పోస్టుమాను కోసం ఎదురుచూసింది.

మా పెదనాయనకు బజారులో పూలకొట్టు ఉండేది. సంగతి పసిగట్టాడో ఏమో, మందలించలేదు. "నాకు నడుము నొప్పిగా ఉందిరా, సాయంత్రాలు వచ్చి కూర్చో" అన్నాడు. ఆ నొప్పి నిజమో కాదో నాకు ఇప్పటికీ అనుమానమే. మొదటి వారం పూలు మూర వేసి, ఆకులో చుట్టి ఇవ్వడమే నా పని. మాటలన్నీ ఆయనవే. రెండో వారం ధర నన్ను చెప్పమన్నాడు. చేతులు వణికి కనకాంబరాల మాల జారి పడింది. కొనవచ్చినావిడ దాన్ని తీసి నా చేతికిచ్చి, "ఇంకో మూర వెయ్యప్పా" అంది. అంతే. నేను భయపడ్డ నవ్వు రాలేదు.

తరువాత, వచ్చినవాళ్లను ఒక్కొక్క ప్రశ్న అడగమన్నాడు. పూలు గుడికా, పెళ్లికా అని. "నీ నాలుకనే చూసుకుంటూ కూర్చుంటే ఎదుటి మనిషి కనబడడు. వాళ్ల చేతిలో సంచి చూడు, అడగవలసింది అందులోనే ఉంటుంది" అనేవాడు. నిజంగానే, సంచిలో కొబ్బరికాయ కనబడితే ప్రశ్న దానంతటదే వచ్చేది. నా తమిళంలో తప్పులు కొందరు దిద్దారు. మర్నాడు దిద్దిన మాటే వాడేవాణ్ణి.

అంతా సాఫీగా సాగలేదు. ఒకనాడు కాలేజీ స్నేహితులు రావడం చూసి బుట్టల వెనక నక్కాను. పెదనాయన ఏమీ అనలేదు; మర్నాడు మళ్లీ అక్కడే కూర్చోబెట్టాడు.

ఆ రోజుల్లోనే గాంధీజీ ఆత్మకథ చదివాను. 1891లో లండను విడిచి వచ్చేముందు ఆయన మిత్రులకు విందు ఇచ్చి, సిద్ధం చేసుకున్న ఉపన్యాసంలో మొదటి వాక్యం దాటలేక, వందనం చెప్పి కూర్చున్నారట. నాకు ఎంత ఊరటో! 1893లో ప్రిటోరియాలో భారతీయుల సభలో ఆయనే నిలబడి ప్రసంగించారు.

ఏడు నెలల తరువాత మరో ఇంటర్వ్యూ వచ్చింది. మళ్లీ వరండా, మళ్లీ బెంచీ. గుండె దడ తగ్గలేదు. పక్కనున్న కుర్రవాడు చేతిలో కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"ఏ ఊరు మీది?" అని అడిగాను.

"బాగలూరు" అన్నాడు.

లోపలినుంచి నా పేరు పిలిచేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.