పాత కారు - కనుమ దారి

మా యింట నొక పాత మారుతి 800 కలదు. 1983 డిసెంబరులో మన వీథులలో తొలిసారి కనిపించిన యా జాతి కారుల తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినది. పదునైదేండ్లు నిండిన పిమ్మట రవాణాశాఖవారిచే పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను మరల పొందవలసి వచ్చినపుడు, "ఇక దీనిని విడువరాదా?" అని మా యింటివారే యనిరి. నేను విడువలేదు. విడువనివాడు దాని బాగోగులును చూడవలయును గదా! ఆ సంగతి నాకు అనంతగిరి కనుమలో తెలిసినది.

అరకులోయనుండి విశాఖపట్టణమునకు దిగి వచ్చుచుంటిమి. బయలుదేరుటకు ముందు నేను చూచినవి రెండే: పెట్రోలు, చక్రములలో గాలి. బ్రేకు ద్రవము మార్చి యెన్నేండ్లైనదో జ్ఞాపకమే లేదు. గాలికొండ దాటిన పిదప బాట వంపులు తిరుగుచు దిగును. సిల్వరు ఓకు చెట్ల నీడలోని కాఫీ తోటలను చూచి పిల్లలు కేరింతలు కొట్టుచుండిరి. నేను నాలుగవ గేరులోనే యుండి, మలుపు మలుపునకు బ్రేకు నదుముచుంటిని. కొంతసేపటికి కాలిన వాసన వచ్చెను. అంతలో పెడలు మెత్తబడి కాలిక్రింద దిగిపోయెను. వేగము తగ్గలేదు!

గేరును మూడవదానికి, పిదప రెండవదానికి దింపితిని. ఇంజను బిగ్గరగా మూలిగెను. చేతిబ్రేకును కొంచెము కొంచెముగా లాగి, ఎడమ చక్రములను ప్రక్క కాలువలోనికి దింపగా కారు నిలిచెను. కొండ యెడమవైపున నుండుట మా యదృష్టము. లోయ యుండినచో ఈ వ్యాసము వ్రాయువాడు లేడు.

తోటలో పనిచేయుచున్న వృద్ధుడొకడు మాటాడకయే రెండు రాళ్లు తెచ్చి చక్రముల ముందు పెట్టెను. తరువాత, "ఏ గేరులో దిగుతున్నావు బాబూ?" అని యడిగెను.

"నాలుగులో, తాతా."

"మా జీపులవాళ్లు ఎక్కిన గేరులోనే దిగుతారు. పోయేటప్పుడు ఆ రాళ్లు బాటమీద వదలకు. వెనక వచ్చేవాడికి దెబ్బ."

మా చిన్నవాడు వానిని డిక్కీలో పెట్టెను.

చల్లారినంతనే పెడలు మరల గట్టిపడెను. ఇదియే మోసము. బ్రేకు ద్రవము గాలిలోని తేమను క్రమముగా పీల్చుకొనును. రాపిడిచేత వేడెక్కినపుడు ఆ నీరు ఆవిరియగును. ద్రవమును నొక్కిన నణగదు, ఆవిరి యణగును. కాలి బలమంతయు చక్రమునకు చేరక దానిని నొక్కుటకే చెల్లిపోవును. రెండవ గేరులోనే మెల్లగా శృంగవరపుకోట చేరితిమి. అచ్చటి మెకానిక్కు తీసిన ద్రవము కాఫీ డికాక్షనువలె నల్లగా నుండెను!

ఇప్పుడు రెండేండ్ల కొకసారి దానిని మార్పించుచున్నాను. కొండకు పోవునాటి యుదయమున, ఇంజను చల్లగా నున్నపుడే రేడియేటరులో నీరు చూతును. వేడిగా నున్నపుడు మూత విప్పిన, ఒత్తిడిలోనున్న నీరు ఎగసి ముఖమును కాల్చును. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడి యున్నను ప్రక్కలు బీటలు వారిన టైరును నమ్మరాదు. శీతకాలపు మంచులో దీపములను క్రిందికి దింపియే పోదును. పైకి వేసిన కాంతి మంచుపై బడి మన కన్నులకే కొట్టును. ఎదురుగా ఎక్కివచ్చు బండికి దారి యిత్తును. ఇది నియమము కూడ.

మొన్న డిసెంబరులో మరల పోయితిమి. తోటలో కాఫీ పండ్లు కోయుచుండిరి. ఆ వృద్ధుడు మాత్రము కనబడలేదు. రాళ్లు డిక్కీలో స్టెపినీ ప్రక్కనే యున్నవి. మా చిన్నవాడు వానిని దింపనీయడు.