కొలిమి ఆదివారాలు

5 జనవరి 2025, ఆర్మూర్

ఇది పసుపు తవ్వే కాలం. కొలిమి కాడ నా వంతు ఆఖరికే వస్తుంది. మొన మొద్దుబారిన గడ్డపారలు, పసుపు ఆకు కోసే కొడవళ్ళు ముందు. సరదాకి కత్తి చేయడం నేర్చుకుంటానని వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఆ తర్వాతే. న్యాయమే.

చీకటి పడేముందు కమ్మరి తాత ఒక పాత లారీ కమాన్ పట్టీ ముక్క తీశాడు. "ఎర్రగ కాల్చి బూడిదల వెట్టు సారూ. పొద్దటిదాంక ముట్టకు." బూడిదలో మెల్లగా చల్లారితేనే ఉక్కు మెత్తబడి రంపానికి లొంగుతుందట. ఇవాళ్టికి అంతే.

12 జనవరి

నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీని నిలువునా కోసి, సగం ముక్కతో మొదలుపెట్టాం. తాతతో పాటు కొలిమి పని చేసే అవ్వ పంకా తిప్పుతోంది. తుమ్మబొగ్గులు చిటపటమంటున్నాయి. ఎరుపు తగ్గాక దెబ్బ వేయొద్దు, పగులుతుంది. అలాగని తెల్లబడి రవ్వలు చిమ్మేదాకా నిప్పులో ఉంచొద్దు. అలా కాలిపోయిన ఉక్కుని ఎవరూ బాగుచేయలేరు. ఈ రెండింటి మధ్య దొరికేది కొన్ని క్షణాలే. అందులో సగం పట్టుకారు సర్దుకోవడానికే పోతుంది.

తాత పట్టీని అంచు వైపుకి కాస్త వంచి ఇచ్చాడు. నాకు నిటారు చాకు కావాలి కదా, ఈ వంకర ఎందుకన్నాను. కొట్టమన్నాడు. అంచును పలచగా సాగగొడుతున్నకొద్దీ ఆ వైపు పొడవు పెరిగి కత్తి వెన్ను వైపుకి తిరుగుతూ వచ్చింది. అంచు పూర్తయ్యేసరికి దానంతటదే నిటారుగా నిలబడింది. కొడవలికి అంచు లోపలి వైపు ఉంటుంది, కొడుతుంటే వంపు విచ్చుకుంటుంది. అందుకని దాన్ని మళ్ళీ మళ్ళీ వంచుకోవాలి.

పొద్దంతా పంకా తిప్పేదీ, అవసరమైతే సమ్మెట ఎత్తేదీ అవ్వే. వచ్చినవాళ్ళు మాత్రం "కమ్మరాయన ఉన్నడా" అని అడుగుతారు.

19 జనవరి

ఆకురాయి పని. అంచును ఒక మిల్లీమీటరు మందం దగ్గర ఆపేయాలి. ఇంకా పలచనైతే ఎర్రగా కాల్చి ముంచేటప్పుడు వంకర పోతుంది, లేదా చీలుతుంది. భుజాలు పడిపోయాయి. రాయడానికి ఇంకేం లేదు.

26 జనవరి

పొద్దున జెండా వందనం చూసుకుని నేరుగా కొలిమికి. తాత కిటికీకి గోనెసంచి కట్టాడు. వెలుతురులో ఎరుపు సరిగ్గా తెలియదు.

ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటుకోదని చదివి ఒక అయస్కాంతం ముక్క జేబులో తెచ్చుకున్నాను. తాత నవ్వాడు. "కండ్లు లెవ్వా సారూ?" అయినా అడ్డు చెప్పలేదు. కత్తిని బయటికి తీసి అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంది. మళ్ళీ నిప్పులోకి. ఈసారి అంటుకోలేదు. ఇంకొంచెం కాలనిచ్చి తాత "ఇగ తియ్యి" అన్నాడు. నీళ్ళు కాదు, నూనె. నీళ్ళలో ముంచితే ఈ రకం ఉక్కు టింగుమని చీలుతుంది. అది కూడా అంచు ఒక్కటే ముంచాలి. వెన్నులో వేడి మిగలాలి.

ఆ తర్వాతిదే అసలు పని. మసి తుడిచి, ఇటుక ముక్కతో అంచును గబగబా రుద్దితే లోపలి తెలుపు కనిపించింది. వెన్నులోని వేడి కిందికి పాకుతుంటే ఆ తెలుపు మీద రంగులు బయలుదేరాయి. ముందు లేత గడ్డి పసుపు, దాని వెనక గోధుమ, ఊదా, నీలం. పసుపు అంచును తాకగానే మొత్తం ముంచేశాం. నేను రాసుకొచ్చిన కాగితంలో ఆ పసుపు 220 డిగ్రీలు, నీలం 300. పసుపు రాకముందే ఆపితే అంచు గాజు, తగిలితే పెచ్చులూడుతుంది. నీలం దాకా వదిలితే పదును నిలవదు. తాతకు ఈ అంకెలు అక్కర్లేదు. నాకు మాత్రం ఆయన కన్ను, నా కాగితం ఒకే చోట కలవడం చూసి చెప్పలేనంత సంతోషం.

2 ఫిబ్రవరి

తాత పెళ్ళికి పోయాడు. కొలిమి లేదు కాబట్టి కోనసముద్రం వెళ్ళొచ్చాను. ఎంతో దూరం లేదు. ఒకప్పుడు ఇక్కడి మూసల్లో కరిగిన ఉక్కు ముద్దల కోసం పారశీక వ్యాపారులు వచ్చేవారు. భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ 1820ల్లో ఆ పని కళ్ళారా చూసి రాశాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. అలాంటి ముద్దలతో చేసిన డమాస్కస్ కత్తుల మీది నీటి అలల్లాంటి చారలు ఆ ముద్ద మెల్లగా చల్లారడంలో పుట్టినవే. ఇప్పుడు అదే పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కును మడతలు పెట్టి అతికి, యాసిడ్‌తో చారలు తేల్చినవి. అందంగానే ఉంటాయి, కానీ ఆ ఉక్కు వేరు. మనవాళ్ళ గొప్ప చెప్పడానికి అందరికీ సుల్తానుల ఖడ్గమే గుర్తొస్తుంది. కలుపు తీసే పనిముట్టుకీ ఆ చేతులే పనిచేసి ఉంటాయి కదా.

9 ఫిబ్రవరి

తుమ్మకర్ర పిడి, రెండు ఇత్తడి రివెట్లు, పైన అవిసె నూనె. సానరాయి మీద మధ్యాహ్నం దాకా.

ఇంట్లో ఉల్లిపాయ సునాయాసంగా తెగింది. వంకాయ కోస్తే ముక్కల మీద నల్లటి మరక. నిమ్మకాయ కోసి తుడవకపోతే కత్తే నల్లబడుతుందని చెప్పాను. "అంగట్ల స్టీలుది యాభై రూపాయలకొస్తది, తుడిచే పని కూడా ఉండదు" అంది మా ఆవిడ. అయినా మిరపకాయలకి దీన్నే తీసుకుంది.

వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు తాత. యాసంగి కోతల కొడవళ్ళకు కక్కులు కొట్టాలట. కాల్చి ముంచకముందే, ఉలితో, ఒక్కొక్క పన్నూ. కూలి ఇస్తావా అని నవ్వుతూ అడిగాను. "నువ్వే ఇయ్యాలె" అంది అవ్వ.