ఏడో కొడుకు దాకా

మార్చి 4
షేక్‌స్పియర్ వీలునామా చదువుతున్నాను. తేదీ 1616 మార్చి 25. నెల తిరక్కముందే ఆయన పోయాడు. న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు, భూములు పెద్దకూతురు సుజానాకి. ఆమె తర్వాత ఆమె మొదటి కొడుక్కి, వాడి మగ సంతానానికి. ఆ వరస లేకపోతే రెండో కొడుక్కి, మూడో కొడుక్కి... ఏడో కొడుకు దాకా రాయించాడు. అప్పటికి సుజానాకి ఉన్నది ఎనిమిదేళ్ల ఎలిజబెత్ ఒక్కతే. ఆయన ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ 1596లోనే, పదకొండేళ్లకే పోయాడు. ఆ తండ్రి పుట్టని మనవళ్లను ఒక్కొక్కరినే లెక్కపెడుతుంటే చదవడం కష్టంగా ఉంది.

మార్చి 5
వీలునామా భాషలో ఉత్త 'హెయిర్' (వారసుడు) అంటే తమ్ముడైనా కావచ్చు, మేనల్లుడైనా కావచ్చు. 'హెయిర్స్ ఆఫ్ ది బాడీ' అంటే మాత్రం కడుపున పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలే. 'ఇష్యూ' కూడా ఆ కోవదే. మన కోర్టు కాగితాల్లోనూ 'ఇష్యూలెస్' అని రాస్తారు. నిండు జీవితం బతికిన మనిషిని ఆ ఒక్క ముక్కతో తేల్చేయడం నాకు నచ్చదు.

మార్చి 8
వీలునామాలో ఎలిజబెత్‌ని 'నీస్' అన్నారు. సొంత మనవరాలే! అప్పట్లో ఆ మాట మనవరాలికీ చెల్లేది. దాని వెనకున్న లాటిన్ 'నెప్టిస్'కి అర్థం మనవరాలు. మన నిఘంటువుల్లోని సంస్కృత 'నప్త' దానికి చుట్టమే.

మార్చి 12
చిన్నకూతురు జూడిత్‌కి ముగ్గురూ కొడుకులే. పెద్దవాడికి పుట్టింటి పేరే పెట్టుకుంది: షేక్‌స్పియర్ క్వైనీ. తాత పోయిన ఏడే పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. మిగిలిన ఇద్దరు, రిచర్డ్, థామస్, 1639లో నెల తేడాలో పోయారు. ఒకడికి 21, ఒకడికి 19. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆమె బతికే ఉంది.

మార్చి 13
మన దస్తావేజుల్లో 'పుత్రపౌత్ర పారంపర్యంగా' అనుభవించమని రాస్తారు. అక్కడా కొడుకులే. ఆంధ్రప్రదేశ్ 1986 చట్టంతో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లకు వచ్చింది. దస్తావేజుల్లో ఆ పాత మాట ఇంకా కనిపిస్తూనే ఉంది. మార్చాలి.

మార్చి 19
ఎలిజబెత్ రెండు పెళ్లిళ్లు చేసుకుంది, పిల్లలు లేరు. 1670లో ఆమెతో షేక్‌స్పియర్ నేరు సంతతి ఆగింది. ఆయన చెల్లెలు జోన్ హార్ట్ వంశం నిలిచింది. వాళ్లను ఆయన 'డిసెండెంట్స్' అనరు, పక్కకొమ్మ వాళ్లు.

జోన్ ముగ్గురు కొడుకులకూ ఆయన తలా ఐదు పౌండ్లు రాశాడు. విలియం, మైకేల్ పేర్లున్నాయి. ఇంకో పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. అతని పేరు థామస్. షేక్‌స్పియర్ పుట్టిన హెన్లీ స్ట్రీట్ ఇంటిని ఎలిజబెత్ తన వీలునామాలో రాసిచ్చింది ఆ థామస్ కొడుకులకే.